వాహన దీపాలు – ఎల్.ఇ.డి. బల్బులు : ఒక పరిశీలన

దీపమనగానే మనకు వెలుగు స్ఫురిస్తుంది; వెలుగనగానే చూపు స్ఫురిస్తుంది. కాని వాహనానికి అమర్చిన దీపాలను గురించి ఆలోచించినప్పుడు, అవి ఎవరి చూపు కొరకు వెలుగుతున్నవన్న ప్రశ్న తప్పక వేసుకోవలసి ఉన్నది. ముందున్న పెద్ద దీపాలు బండి నడిపేవానికి దారి చూపుతాయి. వెనుకనున్న ఎర్ర దీపాలను నడిపేవాడు దారిలో ఒక్కసారి కూడ చూడడు. అవి వెనుక వచ్చే అపరిచితుని కొరకు వెలిగే దీపాలు. ఆ అపరిచితుని ప్రాణమూ, ముందు పోయేవాని ప్రాణమూ ఆ చిన్న ఎర్రని వెలుగు మీద ఆధారపడి ఉంటాయి.

ఈనాడు పట్టణాలలోను, పల్లెలలోను వాహనాలకు పాత బల్బులు తీసివేసి ఎల్.ఇ.డి. బల్బులు వేయించుట పరిపాటి అయినది. ఈ మార్పు మంచిదా, కాదా? మంచిదైతే ఏ దీపానికి మంచిది? దానిని ఏ విధంగా చేయవలెను? మా విద్యార్థులలో లారీ డ్రైవర్ల బిడ్డలు, ట్రాక్టరున్న రైతుల బిడ్డలు, ఉస్తాదు వద్ద షాగిర్దుగా వైరింగు పని నేర్చుకుంటూ చదువుకునేవారు పలువురు ఉన్నారు. వారికి ఉపయోగపడునన్న తలంపుతో మేము ఈ విషయాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

చీకటిలో ట్రాలీ

పంట చేతికి వచ్చే కాలంలో మన రహదారులపై రాత్రివేళ ట్రాక్టర్ల సంచారం అధికమవుతుంది. గుంటూరు యార్డుకు మిర్చి, వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు పత్తి, నిజామాబాదుకు పసుపు, చక్కెర కర్మాగారాలకు చెరకు – తెల్లవారేసరికి చేరవలెనన్న ఆతురతతో బండ్లు రాత్రికి రాత్రే బయలుదేరుతాయి. కొందరు ట్రక్కు అనీ, కొందరు ట్రాలీ అనీ పిలిచే ఆ వెనుక బండికి చాలచోట్ల దీపాలుండవు, ఉన్నా వెలగవు, వెలిగినా వ్రేలాడే గడ్డి క్రిందనో, బస్తాల క్రిందనో కప్పబడి ఉంటాయి. ట్రాక్టరుకు ఉన్న వెనుక దీపాలను ట్రాలీయే మరుగుపరుస్తుంది.

దీని పర్యవసానం ఎట్లుంటుందో చిన్న లెక్క వేసి చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 22 మీటర్లు సాగుతుంది. ముందు ఏదో ఉన్నదని గ్రహించి, బ్రేకు మీద కాలు మోపుటకు ఒకటిన్నర సెకను పట్టిందనుకొన్నచో, ఆ లోపలనే 33 మీటర్లు గడిచిపోతాయి. ఆ తరువాత బ్రేకు గట్టిగా పనిచేసి బండి నిలుచుటకు ఇంకొక 49 మీటర్లు కావలెను. మొత్తం 82 మీటర్లు. హెడ్‌లైటు డిమ్ములో ఉన్నప్పుడు, వెలుతురు లేని మట్టిరంగు ట్రాలీ కంటికి ఆనేది ఏ 50, 60 మీటర్ల దూరంలోనో. ట్రాలీ ఆగి ఉన్నట్లయితే ఆ మిగిలిన దూరాన్ని డ్రైవరు నేర్పు గాని, బ్రేకు బలం గాని పూరింపజాలవు. దూరం నుండి కనబడే ఎర్ర దీపం ఒక్కటే పూరింపగలదు.

చట్టం ఈ సంగతిని గుర్తించే ఉన్నది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు (1989) వెనుక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుండి కనబడవలెనని నిర్దేశిస్తున్నవి. మనం వేసిన 82 మీటర్ల లెక్కతో పోల్చి చూచినట్లయితే, ఆ 155 మీటర్లు ఎంత ముందుచూపుతో పెట్టినవో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 సంవత్సరంలో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించినారు. ఇవి అన్ని కారణముల వలన కలిగిన మరణాలు. వీనిలో కొన్నింటినైనను నివారించుటకు పెద్ద యంత్రాలతో పనిలేదు. వెలిగే వెనుక దీపం చాలును.

పాత బల్బు

పాత బల్బులో టంగ్‌స్టన్ లోహపు సన్నని తీగ చుట్ట ఉంటుంది. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ తీగ కాగి, ఎర్రనై, తెల్లనై వెలుగుతుంది. అనగా ఆ బల్బు మొదట పొయ్యి, తరువాత దీపం. దానికి ఇచ్చిన శక్తిలో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడి రూపంలోనే పోతుంది. మిగిలిన కొద్దిపాటి తెల్లని వెలుగులో కూడ, వెనుక దీపపు ఎర్ర అద్దం ఎరుపును మాత్రమే వెలుపలికి వదిలి, తక్కిన రంగులను మ్రింగివేస్తుంది.

సాధారణంగా వెనుక దీపానికి 21/5 వాట్ల జంట తీగల బల్బు వాడుతారు. 5 వాట్ల తీగ రాత్రంతా వెలిగేది; 21 వాట్ల తీగ బ్రేకు నొక్కినప్పుడు వెలిగేది. 12 వోల్టుల బండిలో రెండు బ్రేకు దీపాలు కలిసి మూడున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. తీగ వేడెక్కి పూర్తిగా వెలుగుటకు సెకనులో సుమారు అయిదవ వంతు కాలం పడుతుంది. ఇక ట్రాలీకి స్ప్రింగులు తక్కువ, గుంతలు ఎక్కువ. కాగి మెత్తబడిన తీగ ఆ కుదుపులకు తెగిపోతుంది. నెలకు రెండు బల్బులు మార్చలేక రైతు విసుగు చెంది, చివరకు దీపాల మాటే మరచిపోతాడు. ట్రాలీలు చీకటిలో తిరుగుటకు నిర్లక్ష్యంతో పాటు ఇది కూడ ఒక కారణమని గ్రహించవలెను.

ఎల్.ఇ.డి. స్వభావం

ఎల్.ఇ.డి.ని పాఠ్యగ్రంథాలలో కాంతి ఉద్గార డయోడ్ అంటున్నారు. దీనిలో కాగే తీగ లేదు. రెండు విధాలైన అర్ధవాహకాలు కలిసే సంధి వద్ద విద్యుత్తు ప్రవహించినప్పుడు, ఆ శక్తిలో కొంత నేరుగా వెలుగుగా మారుతుంది. ఏ రంగు వెలుగు రావలెనన్నది ఆ పదార్థాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన నిక్ హోలోన్యాక్ 1962లో కంటికి కనబడే ఎర్రని ఎల్.ఇ.డి.ని తయారు చేసినాడు. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. కొరకు ఇంకొక ముప్పది ఏండ్లు వేచి ఉండవలసి వచ్చినది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. నీలి వెలుగుపై పసుపు వర్ణపు పూత వేసి తెల్లని వెలుగును పుట్టించుట ఆ తరువాతనే సాధ్యమైనది.

ట్రాలీ విషయంలో ఈ దీపం వలన కలిగే మేలు నాలుగు విధాలు. మొదటిది, తెగే తీగ లేదు కనుక కుదుపులకు తట్టుకుంటుంది. రెండవది, 21 వాట్లు చేసే పనిని రెండు, మూడు వాట్లతో చేస్తుంది. రోడ్డు ప్రక్కన చెడిపోయి నిలిచిన ట్రాక్టరును ఉదాహరణగా తీసుకొందము. రెండు వెనుక దీపాలు, ఒక నంబరు దీపం పాత బల్బులతో 15 వాట్లు. పది గంటలలో బ్యాటరీ నుండి పన్నెండున్నర ఆంపియర్ గంటలు లాగివేస్తాయి. అదే ఎల్.ఇ.డి.లతో రెండు వాట్లయినచో, రెండు ఆంపియర్ గంటలు కూడ ఖర్చు కావు. తెల్లవారిన పిదప ఇంజను స్టార్టు కాదేమోనన్న భయంతో దీపాలు ఆర్పివేయవలసిన అవసరముండదు. మూడవది, ఎల్.ఇ.డి. తక్షణమే వెలుగుతుంది. పాత బల్బు కంటె సెకనులో అయిదవ వంతు ముందు వెలిగినచో, 80 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చేవానికి సుమారు నాలుగున్నర మీటర్ల దూరం లాభిస్తుంది. ప్రమాదానికీ, క్షేమానికీ నడుమ ఉండే దూరం ఒక్కొక్కప్పుడు అంతే. నాలుగవది, వేడి తక్కువ కనుక ప్లాస్టిక్ కవరు కమిలిపోదు.

మార్పులో ఎదురయ్యే చిక్కులు

ఇన్ని మేళ్లున్నను, పాత బల్బు పెరికి కొత్తది గుచ్చినంతమాత్రాన పని పూర్తి కాదు.

రంగు : ఎర్ర అద్దం వెనుక తెల్ల ఎల్.ఇ.డి. వేయుట చాలమంది చేస్తున్న పని. తెల్లనిది ప్రకాశవంతంగా కనబడుతుంది కదా అని వారి వాదం. కాని ఆ తెల్లని వెలుగు నీలి నుండి పుట్టినది. అందులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర అద్దం దానిలో అధికభాగాన్ని మ్రింగి, వెలసిన గులాబి వర్ణాన్ని బయటకు పంపుతుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్.ఇ.డి., ఇండికేటరుకు పసుపుపచ్చని ఎల్.ఇ.డి., నంబరు పలకకు తెల్లనిది – ఇదే సరియైన పద్ధతి.

ఎర్తు : ట్రాలీ దీపాల జబ్బులలో అధికభాగం ఎర్తు జబ్బులే. చాలమంది ఎర్తుకు వేరే తీగ లాగకుండ, ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపే పిన్ను మీదనే ఆధారపడతారు. ఆ పిన్నుకు గ్రీజు, త్రుప్పు, మట్టి పట్టి ఉంటాయి. ఎర్తు తెగినప్పుడు కరెంటు వేరొక దీపం గుండా దారి వెదకుకుంటుంది. ఇండికేటరు వేసినచో బ్రేకు దీపం మిణుకుమంటుంది. ఎల్.ఇ.డి. స్వల్పమైన కరెంటుకే వెలుగుతుంది కనుక, త్రుప్పు పట్టిన జాయింటు గుండా కూడ కొంత వెలిగి, జబ్బును దాచిపెడుతుంది. అందుచేతనే జాయింటును పరీక్షించునపుడు ఎల్.ఇ.డి. టెస్టరును నమ్మరాదు. ఉస్తాదులు రెండు తీగలు కట్టి వాడే 21 వాట్ల పాత బల్బు టెస్టులైటే మేలు. అది గట్టిగా కరెంటు అడుగుతుంది. జాయింటు బలహీనమైనదైతే అక్కడికక్కడే బయటపడుతుంది. కొత్త దీపాన్ని అమర్చుటకు పాత బల్బు సాక్ష్యం అవసరమగుట వింతయైనను నిజం.

ఫ్లాషరు : ఇండికేటరును వెలిగించి ఆర్పే ఫ్లాషరు, పాత బల్బులు తీసుకునే కరెంటును లెక్కలో ఉంచుకొని తయారైనది. వేడితో పనిచేసే పాతరకం ఫ్లాషరు, ఎల్.ఇ.డి.ల స్వల్ప కరెంటుకు కాగక, దీపాన్ని మినుకరించనే మినుకరించదు. ఎలక్ట్రానిక్ రకం, బల్బు పోయినదని భ్రమించి రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. నిమిషానికి 60 నుండి 120 సార్లు వెలుగుట సక్రమమైన లెక్క. దీనికి విరుగుడుగా కొందరు ఆరు ఓముల నిరోధకాన్ని ప్రతి దీపానికీ కలుపుతారు. అది పాత బల్బంత కరెంటునూ వేడిగా మార్చి వృథా చేస్తుంది. ప్లాస్టిక్ మీదనో, తీగల కట్ట మీదనో బిగించినచో వానిని కరగించగలదు. ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరును మార్చి వేయుటే తిన్ననైన మార్గం.

వోల్టేజి, దిశ : ట్రాక్టర్లు, కార్లు 12 వోల్టులవి, పెద్ద లారీలు 24 వోల్టులవి. 12 వోల్టుల ఎల్.ఇ.డి.ని లారీకి వేసినచో అది నిలువదు. పాత బల్బుకు ప్లస్సు, మైనస్సు భేదం లేదు; ఎల్.ఇ.డి. డయోడు కనుక కరెంటును ఒక దిశలోనే పోనిస్తుంది. వేసిన దీపం వెలగనిచో, అది చెడిపోయినదని పారవేయుటకు ముందు తీగలు తిప్పి చూడవలెను.

ముందు దీపం సంగతి వేరు

వెనుక దీపం విషయంలో ఇంతగా మెచ్చుకొన్న ఎల్.ఇ.డి.ని ముందు దీపంలో కూడ వేయవచ్చును గదా అని కొందరు అడుగుతారు. వాహన తయారీదారే ఎల్.ఇ.డి. కొరకు రూపొందించిన ముందు దీపాలు వేరు, అవి నిరభ్యంతరమైనవి. కాని హాలోజన్ బల్బు కొరకు రూపొందించిన దీపంలో ఎల్.ఇ.డి. బల్బు గుచ్చుట ప్రమాదకరం.

హాలోజన్ బల్బులో తీగ నిలిచే స్థానం మిల్లీమీటరు తేడా లేకుండ నిర్ణయింపబడినది. డిమ్ము తీగ క్రింద చిన్న లోహపు దొప్ప ఉండి, వెలుగు పైకి పోకుండ అడ్డగిస్తుంది. ఆ స్థానాన్ని బట్టియే వెనుక అద్దపు వంపు తీర్చబడినది. బజారులో దొరికే ఎల్.ఇ.డి. బల్బులో వెలుగు పుట్టే చోటు, దాని ఆకారం, అది ప్రసరించే దిశలు వేరు. ఫలితంగా వెలుగు రోడ్డు మీద పడక, నలుదిక్కులా చెదరి, ఎదుటివాని కంట్లో పడుతుంది. నడిపేవానికి తన ముందు తెల్లగా పరచుకున్న వెలుగు చూచి గొప్ప లాభం కలిగినట్లు తోస్తుంది. ఎదుట వచ్చే సైకిలు మనిషికి ఆ క్షణంలో రోడ్డే మాయమవుతుంది. వయసు మళ్లినవారి కన్ను ఆ తళుకు నుండి తేరుకొనుటకు మరింత సమయం పడుతుంది.

పదునొకండవ శతాబ్ది ఆరంభంలో కైరోలో నివసించిన ఇబ్న్ అల్ హైతమ్ అనే శాస్త్రజ్ఞుడు తన ‘కితాబుల్ మనాజిర్’ గ్రంథంలో, చూపు కంటి నుండి బయలుదేరి వస్తువును తాకదనీ, వస్తువు నుండి వచ్చిన వెలుగే కంటిని చేరుతుందనీ నిరూపించినాడు. తీవ్రమైన వెలుగు కంటిని బాధించుటను ఆయన అందుకు ఒక తార్కాణంగా చూపినాడు. వెయ్యేండ్ల నాటి ఆ సత్యం నేటి హెడ్‌లైటుకు కూడ వర్తిస్తుంది. దీపం ఎంత వెలుగు చిమ్ముతున్నదన్నది కాదు, ఏ కంటిని ఏ విధంగా చేరుతున్నదన్నదే ప్రశ్న.

ఇతర దేశాలు కూడ ఈ విషయంలో జాగ్రత్త వహించినవి. జర్మనీలో 2020లో ఇట్టి మార్పిడి బల్బుకు అనుమతి లభించినప్పుడు, పరీక్షించి చూచిన కొన్ని వాహన నమూనాలకు మాత్రమే అది పరిమితమైనది. మన మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. వెనుక దీపాలు మార్చేవారు సైతం ప్రమాణ ముద్ర గల పూర్తి దీపాల సెట్టునే వాడుట ఉత్తమం.

ట్రాలీకి దీపాలు అమర్చే క్రమం

విద్యార్థుల సౌకర్యార్థం పని క్రమాన్ని సంగ్రహంగా తెలుపుతున్నాము.

1. పాత హోల్డర్లలో బల్బులు మార్చుట కంటె, నీరు చొరకుండ మూసివేసిన 12 వోల్టుల ఎల్.ఇ.డి. దీపాల సెట్టు కొనుట మేలు. పాత హోల్డరు త్రుప్పు కొత్త బల్బుకు కూడ సోకుతుంది.

2. ట్రాక్టరు నుండి ట్రాలీకి ఏడు కాళ్ల ప్లగ్గు వాడవలెను. 12 వోల్టుల ప్రమాణం ప్రకారం 1వ కాలు ఎడమ ఇండికేటరు, 3వది ఎర్తు, 4వది కుడి ఇండికేటరు, 5వది కుడి వెనుక దీపం, 6వది బ్రేకు, 7వది ఎడమ వెనుక దీపం. పాత వైరింగులో ఈ వరుస తప్పి ఉండవచ్చును గనుక, టెస్టులైటుతో ఒక్కొక్క కాలును చూచుకొనిన తరువాతనే కలుపవలెను.

3. ఎర్తుకు ప్రత్యేకమైన తీగను దీపాల దాకా లాగవలెను. పిన్నును నమ్మరాదు.

4. తీగలను గొట్టంలో దూర్చి, ట్రాలీ చట్రం లోపలి వైపుగా తీసుకుపోవలెను. మలుపు తిరిగేటప్పుడు తెగకుండ ప్లగ్గు వద్ద కొంత వదులు ఉంచవలెను.

5. దీపాలను సరుకు కప్పివేయని చోట, డబ్బా వెనుక క్రింది దూలానికి రెండు చివరల బిగించవలెను. ఒకే దీపం నడుమ పెట్టినచో, దూరం నుండి అది మోటారు సైకిలని భ్రమ కలుగుతుంది. రెండు చివరల ఉన్నప్పుడే బండి వెడల్పు తెలుస్తుంది.

6. ఫ్లాషరు మార్చవలెను. పని ముగిసిన పిదప చీకటి పడినాక నూటయాభై అడుగులు వెనుకకు నడిచి వెళ్లి, అక్కడి నుండి ఒక్కొక్క దీపాన్నీ చూడవలెను.

7. చివరగా, ఎర్రని రిఫ్లెక్టర్లను, రిఫ్లెక్టరు టేపును తప్పక అంటించవలెను. ట్రాక్టరును విప్పి తీసుకుపోయినప్పుడు ట్రాలీ వద్ద బ్యాటరీ ఉండదు. ఎంత మేలైన ఎల్.ఇ.డి. అయినను వెలగదు. రిఫ్లెక్టరుకు కరెంటు అక్కరలేదు. వచ్చేవాని వెలుగునే తీసుకొని తిరిగి అతనికే ఇస్తుంది. దానిపై పట్టిన దుమ్మును గుడ్డతో తుడుచుటే దానికి మనం చేయవలసిన సేవ.

ముగింపు

పై విషయాలను బట్టి మేము చెప్పదలచినది ఇది : వెనుక దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చుట అభిలషణీయం; దానిని సరియైన రంగుతో, గట్టి ఎర్తుతో, తగిన ఫ్లాషరుతో చేయవలెను. హాలోజన్ కొరకు చేసిన ముందు దీపంలో ఎల్.ఇ.డి. బల్బు వేయరాదు. పైకి ఈ రెండు సలహాలు పరస్పర విరుద్ధాలుగా తోచవచ్చును. కాని రెండింటికీ మూలమైన న్యాయం ఒక్కటే. వాహన దీపపు మంచిచెడ్డలను ఎదుటివాని కంటితో చూచి నిర్ణయించవలెను.

వైరింగు పని నేర్చుకుంటున్న విద్యార్థులకు మా విన్నపం ఒకటి ఉన్నది. మీ వద్దకు వచ్చే యజమాని తన ముందు దీపానికి ఇంకా వెలుగు కావలెనని అడుగుతాడు. వెనుక దీపం గురించి అడుగడు. అది అతనికి కనబడదు కనుక. అడగకపోయినను మీరే ఒకసారి వెనుకకు వెళ్లి చూడండి. త్రుప్పు గీకి, ఎర్తు బిగించి, దుమ్ము తుడిచి పంపండి. పట్టే సమయం పది నిముషాలు. ఆ పది నిముషాల పని వలన ఏ రాత్రి ఏ ఊరివాడు క్షేమంగా ఇల్లు చేరినదీ మీకు ఎన్నడూ తెలియదు, అతనికీ తెలియదు. తెలియకపోయినను ఆ పని విలువ తగ్గదు.